చెన్నైలో చదువుకుంటూ జూ, అక్వేరియం ఎలా చూడాలి?

నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి చెన్నై హాస్టళ్లలో ఉండే మన విద్యార్థులు ఒక్క ఆదివారంలోనే వండలూరు జూ, అక్వేరియం, మొసళ్ల బ్యాంకు (మొసళ్లను సంరక్షించే కేంద్రం) మూడూ చుట్టేయాలని బయలుదేరతారు. సాయంత్రానికి కాళ్లనొప్పులు మిగులుతాయి, చూసింది మాత్రం గుర్తుండదు. మూడింటికీ మూడు వేర్వేరు పూటలు పెట్టుకోండి.

ముందు ఏ వారం సెలవో చూసుకోండి

జూకు మంగళవారం సెలవు, మొసళ్ల బ్యాంకుకు సోమవారం. పండుగల సమయంలో ఈ సెలవులు మారుతుంటాయి కాబట్టి టికెట్ ధరలతో పాటు వీటినీ ముందురోజు వెబ్‌సైట్లో చూసుకోండి. సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లకుండా ఉండిపోయినవాళ్లు కాణుం పొంగల్ (మన ముక్కనుమ) నాడు మాత్రం జూ ఛాయలకు పోవద్దు. ఆ రోజు నగరం సగం అక్కడే ఉంటుంది.

జూకు పొద్దున్నే

చెన్నై బీచ్ స్టేషన్ నుంచి తాంబరం మీదుగా చెంగల్పట్టు వెళ్లే లోకల్ రైలెక్కి వండలూరులో దిగండి. 1855లో ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో మొదలైన ఈ జూ 1985లో ఇక్కడికి మారింది. విస్తీర్ణం 602 హెక్టార్లు. గేటు తెరిచే తొమ్మిదింటికే లోపల ఉండాలి. ఎండ ముదిరాక పులి అయినా సింహమైనా నీడన పడుకునే ఉంటుంది. ప్లాస్టిక్ సంచులు, సీసాలు వద్దు, స్టీలు సీసాలో నీళ్లు తీసుకెళ్లండి. నడవలేకపోతే బ్యాటరీ బండి ఉంది.

అన్నీ చూసి తీరాలన్న పట్టుదల మానేసి, రెండు మూడు జంతువుల దగ్గర స్థిరంగా నిలబడండి. నా ఓటు సింహపు తోక కోతులకు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని జాతి ఇది. మేత పెట్టినప్పుడు చూడండి: గబగబా బుగ్గల సంచుల్లో కుక్కేసుకుని, ఎవరూ లాక్కోని చోటికి పోయి, అప్పుడు తీరిగ్గా నములుతాయి. హాస్టల్ మెస్సులో ఇలాంటివాళ్లు మీకూ తెలిసే ఉంటారు.

మధ్యాహ్నం అక్వేరియం

ఎండవేళకు తగినది ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఇంజంబాక్కంలోని వీజీపీ మెరైన్ కింగ్‌డమ్. అక్కడ నీటి కింద సొరంగంలో నడవవచ్చు. ఫొటో కావాలంటే ఫ్లాష్ ఆపి, ఫోను లెన్సును అద్దానికి ఆనించండి, ప్రతిబింబాలు పడవు. చదునైన అద్దం వెనుక చేప అసలు దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది, వక్రీభవనం పాఠం ఇక్కడ కళ్లెదుటే ఉంటుంది. నెత్తిమీదుగా టేకు చేప (స్టింగ్‌రే) పోతే పొట్టవైపు చూడండి. నవ్వు ముఖంలా కనిపించే దానిలో కళ్లనిపించేవి ముక్కు రంధ్రాలు. అసలు కళ్లు వీపువైపు ఉంటాయి.

మొసళ్ల బ్యాంకుకు మరో రోజు

రోములస్ విటేకర్, జై విటేకర్ 1976లో స్థాపించిన ఈ కేంద్రం ఈసీఆర్ మీదే, వడనెమ్మెలిలో ఉంది. మహాబలిపురం బస్సెక్కాలి. మొసలి నోరు తెరుచుకుని కదలకుండా ఉంటే అది ఒళ్లు చల్లబరుచుకుంటోందని అర్థం. బొమ్మేమో అని రాయి విసిరి చూసే పెద్దమనుషులు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు, మీ గుంపులో ఉంటే చెయ్యి పట్టుకుని ఆపండి. ఘరియల్ మొసళ్లలో పెద్ద మగదాన్ని గుర్తుపట్టడం తేలిక, మూతి కొసన బుడిపె ఉంటుంది.

ఆవరణలోనే పాములు పట్టే ఇరుళర్ గిరిజనుల సహకార సంఘం ఉంది. 1978లో ఏర్పడిన ఈ సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషం తీసి, విరుగుడు మందు తయారీకి అందిస్తుంది. విషం తీసే ప్రదర్శన ఆ రోజు ఉందో లేదో గేటు దగ్గరే అడగండి. ఆదివారం సాయంత్రం మహాబలిపురం నుంచి వచ్చే బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, నాలుగున్నరకల్లా రోడ్డు మీదికి వచ్చేయండి.