గిటార్ క్యావిటీకి రాగి టేపు: రొద తగ్గించే పద్ధతి

ఎలక్ట్రిక్ గిటార్‌లో వైరింగ్ ఉండే గుంత (క్యావిటీ) లోపల రాగి టేపు అంటించి, బయటి నుంచి వచ్చే రొదను అడ్డుకోవడమే షీల్డింగ్. టేపు కొనేముందు ఒక పరీక్ష చేయండి. గిటార్‌ను ఆంప్‌కు కలిపి, వాల్యూమ్ పెంచి, తీగలు ముట్టుకోకుండా వినండి. తీగల మీద చెయ్యి వేయగానే జుయ్‌మనే రొద తగ్గితే షీల్డింగ్ పనికొస్తుంది. అలా కాక గిటార్‌ను పక్కకు తిప్పుతుంటే పెరుగుతూ తగ్గుతూ ఉండేది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) పట్టుకునే అయస్కాంత హమ్. దాన్ని రేకు ఆపదు: 50 హెర్ట్జ్ దగ్గర రాగి ఆ క్షేత్రాన్ని గట్టిగా అడ్డుకోవాలంటే మందం మిల్లీమీటర్లలో ఉండాలి, టేపు మందం అందులో వందో వంతు కూడా ఉండదు. అక్కడ పికప్ మార్చడమే దారి. చెయ్యి వేసినా అసలు తేడా లేకపోతే బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు (తీగలు ఆనే బ్రిడ్జ్‌ను గ్రౌండ్‌కు కలిపేది) తెగిందేమో ముందు చూడండి.

కావలసినవి: జిగురు కూడా కరెంటు ప్రవహించనిచ్చే 50 మిల్లీమీటర్ల రాగి టేపు, మల్టీమీటర్, 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఇన్సులేషన్ టేపు, పలచని చేతి తొడుగులు. రాగి అంచు బ్లేడులా కోస్తుంది, తొడుగులు మానకండి.

కేబుల్ పీకేసి, తీగలు తీసి, వైరింగ్‌ను ఫోటో తీసుకున్నాకే ఏదైనా విప్పండి. క్యావిటీలో దుమ్ము, చెక్కపొడి తుడిచేయండి, లేకపోతే జిగురు పట్టదు. గోడలు నల్లగా ఉంటే మీటరు పెట్టి చూడండి. కొన్ని గిటార్లకు ఫ్యాక్టరీలోనే కండక్టివ్ పెయింట్ వేసి ఉంటుంది. దాన్ని గ్రౌండ్‌కు కలిపి ఉంటే మీ పని సగం అయినట్టే.

ముందు అడుగుభాగం, తర్వాత గోడలు. ముక్కకీ ముక్కకీ 5 మిల్లీమీటర్లు ఒకదానిమీదొకటి రావాలి. పైఅంచున కొంచెం టేపు గిటార్ ముఖం మీదికి, స్క్రూ రంధ్రాల దగ్గర మడవండి. పిక్‌గార్డ్ (క్యావిటీని కప్పే పై పలక) వెనక కూడా టేపు వేస్తే, స్క్రూలు బిగించగానే రెండూ ఆనుకుని మూత మూసిన పెట్టెలా అవుతాయి. ఈ మడత మర్చిపోతే పిక్‌గార్డ్ రేకు గాలిలో వేలాడినట్టే, పని చేయదు. చవక టేపుల్లో జిగురు కరెంటును ఆపేస్తుంది; అప్పుడు ప్రతి అతుకు దగ్గరా సోల్డర్ చుక్క పెట్టాలి.

ఇప్పుడు మీటరు ఏ రెండు మూలల మధ్య పెట్టినా 1 ఓమ్ కన్నా తక్కువ చూపాలి. విడివిడి పికప్ గుంతలను వైరుతో కలపండి. అన్నిటికీ కలిపి ఒక్క వైరును వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) వెనక్కి తీసుకెళ్లి అతకండి, ఐరన్‌ను అక్కడ ఎక్కువసేపు ఉంచకండి. బ్రిడ్జ్ గ్రౌండ్ వైరును ముట్టుకోవద్దు. షీల్డింగ్ అయిపోయింది కదా అని దాన్ని కత్తిరించేస్తే రొద మళ్లీ వస్తుంది, ఎందుకంటే మీ శరీరమూ ఒక యాంటెనాయే.

మూత వేసి ప్లగ్ చేస్తే ఏమీ వినిపించలేదా? దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: జాక్ (కేబుల్ ప్లగ్ దూర్చే చోటు) లోపల సిగ్నల్ మోసే టిప్ కొస రేకుకు తగులుతోంది. లోతు తక్కువున్న జాక్ గుంతలో ప్లగ్ దూర్చగానే ఆ కొస బయటికి వంగి గోడను తాకుతుంది. స్విచ్ కాళ్లు కూడా ఇలాగే చేస్తాయి. ఆ రెండు చోట్లా రాగి మీద ఇన్సులేషన్ టేపు అంటించి, ప్లగ్ ఉంచి మరీ మీటరుతో చూడండి.