పాత రైఫిల్ మ్యాగజైన్ ఇరుక్కుంటోందా? ముందు పట్టుకారు పక్కన పెట్టండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొన్ని ఇళ్లల్లో తాతలనాటి లైసెన్స్ రైఫిల్ ఒకటి బీరువాలో ఉంటుంది. ఎక్కువగా పాయింట్ 315 బోల్టు రైఫిలే, అంటే చేత్తో బోల్టు లాగి తోసి తూటా ఎక్కించేది. బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే పాయింట్ 303 తూటా ప్రజల చేతికి పోకూడదని లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి రైఫిల్‌నే 8 మిల్లీమీటర్ల తూటాకి తగ్గట్టు చేసి అమ్మారు, తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కూడా అదే తయారుచేసింది. దాని మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చే పెట్టెలో, 5 తూటాలు పడతాయి. ఈ రైఫిల్ ఉన్నవాళ్లు తరచూ అడిగేది ఒక్కటే: తూటా సరిగ్గా ఎక్కడం లేదు, మ్యాగజైన్ మార్చేద్దామా, పదింటిది బిగిద్దామా, స్ప్రింగు లాగి చూద్దామా అని.

మార్చొద్దు. ఇందులో చట్టం సంగతి ఒకటుంది, పనితనం సంగతి ఇంకొకటుంది.

చట్టం సంగతి ముందు చూద్దాం. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీని మార్చడానికైనా, రిపేర్ చేయడానికైనా అందుకు లైసెన్స్ ఉండాలి, మీ దగ్గర ఉన్నది ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్స్ మాత్రమే. 2019 సవరణ తర్వాత ఈ సెక్షన్ ఉల్లంఘనకి శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. తెలిసిన లేత్ మెషీన్ అతని దగ్గర "చిన్న పనే కదా" అని చేయిస్తే మీరూ అతనూ ఇద్దరూ ఇరుక్కుంటారు. ఇంకో ముక్క, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం, చేతిలో లైసెన్స్ ఉన్నంత మాత్రాన అడవిపందిని కొట్టే హక్కు రాదు.

ఇక అసలు సంగతి. పాత రైఫిళ్లలో మ్యాగజైన్ చెడిపోయిందని మనం అనుకునే వాటిలో చాలా వరకూ మురికి, ఎండిపోయిన నూనె, తూటాలు పేర్చిన వరస, ఈ మూడే.

మొదట గన్ను ఖాళీ చేయండి. బోల్టు వెనక్కి లాగి, మ్యాగజైన్ తీసేసి, చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) లోపలికి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, ఒక్క తూటా కూడా లేదని రూఢి చేసుకోండి. తూటాల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు, పక్క గదిలో పెట్టి తాళం వేయండి. పిల్లలు ఇంట్లో ఉంటే ఆ పని వాళ్లు బడికి వెళ్లాకే.

మ్యాగజైన్ చేతికొచ్చాక లోపల తూటాలు నిలిచే పలకని వేలితో మెల్లగా నొక్కి వదలండి. అది అడుగు దాకా నిటారుగా దిగి, ఎక్కడా తట్టుకోకుండా పైకి వస్తే స్ప్రింగు బాగానే ఉన్నట్టు. మధ్యలో ఆగినా, ఒక పక్కకి వంగినా లోపల ఏదో పట్టుకుని ఉంది. లీ ఎన్‌ఫీల్డ్ రకంలో పలక వెనుక చివర కిందకి నొక్కితే ముందు చివర లేచి బయటికొస్తుంది, స్ప్రింగు కూడా దానితోనే వస్తుంది. బలం ఉపయోగించొద్దు, రాకపోతే వదిలేయండి, గన్‌హౌస్‌లో (లైసెన్స్ ఉన్న తుపాకుల షాపులో) తీస్తారు.

లోపల పాత టూత్‌బ్రష్‌కి కొంచెం కిరోసిన్ తడిపి రుద్ది, పాత నూలు బట్టతో బాగా తుడిచి, గాలికి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత కుట్టుమిషన్ ఆయిల్ ఒక చుక్క బట్టకి రాసి ఆ బట్టతో పైపైన తుడిస్తే చాలు. కొబ్బరినూనె, వంటనూనె మాత్రం వద్దు, అవి ఆరేకొద్దీ జిగురై పలకని పట్టేస్తాయి, మన ఊళ్లో రైఫిళ్లకి ఎక్కువ హాని చేసింది ఆ అలవాటే. లోపల నూనె ఎక్కువైతే దుమ్ము అంటుకుంటుంది, అది తూటాలకి తగిలి మందు దగ్గరికి దిగే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు తూటాలు పేర్చే వరస, దీన్ని చాలామంది పట్టించుకోరు. 315 తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పైన పెట్టే తూటా అంచు కింద తూటా అంచుకి ముందు ఉండాలి, వెనక పడితే ఒకదాన్నొకటి పట్టేసుకుని బోల్టు తోసినా తూటా కదలదు. అంటే మ్యాగజైన్‌ది తప్పు కాదు, పేర్చినవాళ్లది. షూటింగ్ రేంజ్‌లో ఎక్కించేటప్పుడు ఒక్కొక్క తూటా అంచూ కింద తూటా అంచుకి ముందు కూర్చుందో లేదో చూసుకుంటూ పెట్టండి. ఇది సరిచూడాలంటే మందు లేని డమ్మీ తూటాలతోనే చూడాలి, ఇంట్లో అసలు తూటాలతో బోల్టు ఆడించి పరీక్ష చేయడం ఎంతమాత్రం కూడదు.

మ్యాగజైన్ పై అంచులు వంగి ఉన్నట్టు కనిపిస్తే మాత్రం చేయి పెట్టకండి. తూటా ఏ కోణంలో చాంబర్‌లోకి వెళ్లాలో నిర్ణయించేది ఆ అంచులే, పట్టుకారుతో ఒక పిసరు అటూ ఇటూ వంచితే తూటా ముక్కు ఎక్కడో తగులుతుంది, పాత ఉక్కు అయితే పగులు కూడా రావచ్చు. స్ప్రింగుని లాగి పొడవు చేయడం కూడా అంతే, రెండు రోజులు బాగుండి తర్వాత ఇంకా వదులవుతుంది. వేరే రైఫిల్ మ్యాగజైన్ తెచ్చి బిగిస్తే సరిపోతుందనుకోకండి, ఈ అంచులు ఆ గన్నుకి తగ్గట్టు సర్ది ఉంటాయి, కొన్నింటి మీద రైఫిల్ నంబరే కొట్టి ఉంటుంది. నంబరు ఉన్న చోట ఆకురాయి తగలనివ్వకండి, గుర్తింపు గుర్తులు చెరపడం సెక్షన్ 8 కింద వేరే కేసు, అలా చెరిగిన తుపాకీ మీ దగ్గరుంటే చెరిపింది మీరేనని చట్టం అనుకుంటుంది, కాదని మీరే రుజువు చేసుకోవాలి.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లల్లో బీరువాలు సైతం రోజుల తరబడి మునిగాయి, అలా నీళ్లలో ఉన్న గన్నుకి పని వేరు. బురద ఎండిపోకముందే మంచినీళ్లతో మ్యాగజైన్ లోపల ఒండ్రంతా కడిగేయాలి, ఎండిన ఒండ్రు మీద నూనె పోస్తే ఇసుక కాగితంలా గీస్తుంది. తర్వాత నీడలో ఆరబెట్టి నూనె పూత. చెక్క దస్తాని ఎండలో పెట్టొద్దు, మన ఎండకి పగులుతుంది. మునిగిన తూటాలు ఆరినా వాడకూడదు, గన్‌హౌస్‌కో స్టేషన్‌కో అప్పగించి రాతపూర్వకంగా రసీదు తీసుకోండి.

మామూలు రోజుల్లో కూడా తోలు సంచిలో పెట్టి దాచొద్దు. కృష్ణ ఒడ్డు తేమని తోలు పీల్చుకుని ఇనుముకి తుప్పు, ఇత్తడి తూటాలకి చిలుము పట్టిస్తుంది. పొడి బట్టలో చుట్టి, పక్కన సిలికా జెల్ సంచీలు పెట్టి, వానాకాలంలో నెలకోసారి తీసి తుడవండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు గన్ను డిపాజిట్ చేయమంటే, ఇచ్చే ముందు నూనె పూత వేసి ఇవ్వండి, తిరిగి తెచ్చుకున్న రోజే మళ్లీ శుభ్రం చేయండి.

ఇంత చేసినా ఎక్కకపోతే రిపేర్‌కే ఇవ్వాలి. షాపు లైసెన్స్‌లో రిపేర్ అనుమతి ఉందో లేదో ముందే అడగండి, వాళ్లేమీ అనుకోరు. మీ ఒరిజినల్ లైసెన్స్ వెంట తీసుకెళ్లండి, గన్ను ఖాళీగా కవర్‌లో, తూటాలు ఇంట్లోనే. "మ్యాగజైన్ మార్చండి" అనకుండా, "మూడో తూటా దగ్గర ఆగుతోంది" లాగా ఏం జరుగుతోందో చెప్పండి. స్ప్రింగు కొత్తది వేస్తే పాతది అడిగి తీసుకోండి, రసీదులో రైఫిల్ నంబరు, చేసిన పని రెండూ రాయించుకోండి.

నాన్నగారి పేరు మీద ఉన్న రైఫిల్ అయితే, ఆయన పోయాక అది మీ ఇంట్లో ఉండటమే కుదరదు, ముందు స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, 2016 ఆయుధ నియమాల్లో వారసులకి ఇచ్చిన వీలు ప్రకారం దరఖాస్తు పెట్టుకోవాలి. మ్యాగజైన్ సంగతి ఆ లైసెన్స్ చేతికొచ్చాకే.