జడ్చర్ల ప్లాటు: లాయరు అడిగిన ఒక్క ప్రశ్న

పోయిన ఏడాది జడ్చర్లలో 200 గజాల ప్లాటు బేరం కుదిరింది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) క్లియర్‌గా ఉంది, అడ్వాన్స్ ఇచ్చేయండని మధ్యవర్తి ఒకటే తొందర. మనసొప్పక కాగితాలన్నీ మహబూబ్‌నగర్‌లో ఒక లాయరుకు చూపించాను. ఆయన లింకు డాక్యుమెంట్లు (ఆ స్థలం ఇదివరకు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత కాగితాలు) ఒక్కొక్కటే తిరగేసి, రిజిస్టర్ కాని పాత పంపకాల కాగితం దగ్గర ఆగి, సంతకాల మీద వేలు పెట్టి అడిగారు: "ముగ్గురూ అన్నదమ్ములే, అక్కచెల్లెళ్లు లేరా?"

ఉంది, ఒక అక్క, దేవరకొండలో!

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, ఆడబిడ్డ వాటా కనిపించదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పెద్దల ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుందని ఆయన చెప్తుంటే నాకు చెమటలు పట్టాయి, అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే ఆ డబ్బు కోసం ఎన్నేళ్లు తిరగాల్సి వచ్చేదో. చివరికి ఆమె కూడా అమ్మేవాళ్లలో ఒకరిగా సేల్ డీడ్ మీద సంతకం చేసింది. ఆమె వాటా డబ్బు ఆమె ఖాతాలోనే వేయించారు మా లాయరు, అది నాకు చాలా నచ్చింది.