ఆయిల్ సీల్ మార్చినా మళ్లీ కారుతోందా? సీల్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

మట్టి దారిలోనూ తారు రోడ్డు మీదా తిరిగే డ్యుయల్ స్పోర్ట్ బండి ఉన్నవాళ్లకి ఇది ఏదో ఒకరోజు తప్పదు. పొద్దున్నే బండి తీస్తుంటే సైడ్ స్టాండ్ పక్కన నేల మీద అరచేయంత నల్లటి మరక కనిపిస్తుంది. సీల్ పోయింది, కొత్తది వేయిస్తే సరిపోతుంది అనుకుంటాం, వేయిస్తాం. నెల తిరక్కుండానే అదే చోట మళ్లీ అదే మరక. ఈసారి సీల్ నకిలీదేమో అని అనుమానం మొదలవుతుంది. ఒకే బండికి ఒకే చోట రెండు సీళ్లు మార్చి, మూడోది చేతిలో పట్టుకుని కూర్చున్నాక గానీ నాకు బుద్ధి రాలేదు. కారుతున్నది సీల్ దగ్గరే, కానీ కారణం ఇంకేదో.

సీల్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. తిరిగే షాఫ్ట్ ఇంజన్‌లోంచి బయటికొచ్చే చోట నూనె కారకుండా ఆపేది. ఒక స్టీలు రింగు, దాని మీద రబ్బరు, లోపలి అంచున పల్చటి లిప్, ఆ లిప్‌ని షాఫ్ట్‌కి అదిమిపెట్టే సన్నటి స్ప్రింగు, అంతే. లిప్ షాఫ్ట్‌ని గట్టిగా పట్టేసుకుని ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, రెంటి మధ్యా వెంట్రుక కంటే పల్చటి నూనె పొర ఒకటి ఉంటుంది, దాని మీదే లిప్ జారుతూ ఉంటుంది. ఆ పొర నిలవాలంటే షాఫ్ట్ నున్నగా ఉండాలి, ఊగకూడదు, లోపల ఒత్తిడి పెరగకూడదు, బయటి నుంచి ఇసుక రాకూడదు. ఈ బళ్లని మనం వాడే తీరుకి ఈ నాలుగూ దెబ్బతింటాయి.

ముందు కారేదేమిటో, ఎక్కడి నుంచో తేల్చుకోండి

చిన్న స్ప్రాకెట్ (ఇంజన్ దగ్గర చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) కవర్ కింద తడి కనిపించగానే ఇంజన్ ఆయిలే అని తీర్మానించేయకండి. చైన్‌కి కొట్టిన లూబ్ కూడా వేడెక్కి, చైన్ విసురుకి చింది అక్కడికే చేరుతుంది. వేళ్ల మధ్య రుద్ది చూడండి. చైన్ లూబ్ జిగటగా, ఇసుకతో కలిసి గరగరలాడుతుంది. ఇంజన్ ఆయిల్ పల్చగా జారిపోతుంది.

ఇంజన్ ఆయిలే అని తేలితే కవర్ విప్పి, స్ప్రాకెట్ వెనక భాగమంతా కిరోసిన్‌తో బ్రష్ పెట్టి కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, ఆ చుట్టూ టాల్కం పౌడర్ చల్లండి. పది నిమిషాలు బండి నడిపి వచ్చి టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి మీద నూనె దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత పైకొస ఎక్కడుందో అక్కడే జబ్బు. ఆ చిన్న జాగాలోనే కొన్ని బళ్లకి స్ప్రాకెట్ సీల్, గేరు లివర్ షాఫ్ట్ సీల్, క్లచ్ పుష్‌రాడ్ (క్లచ్‌ని తోసే కడ్డీ) సీల్, న్యూట్రల్ స్విచ్ ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) అన్నీ ఉంటాయి. పైనున్న పుష్‌రాడ్ సీల్ కారితే ఆ నూనె స్ప్రాకెట్ సీల్ మీదుగానే కిందికి దిగుతుంది, నింద మాత్రం స్ప్రాకెట్ సీల్‌కి పడుతుంది.

స్ప్రాకెట్ మధ్యలోంచి, షాఫ్ట్ పళ్ల గాడుల్లోంచి నూనె వస్తోంది

ఇది సీల్ లీకేజీ కానే కాదు, అయినా ఎక్కువమంది సీల్ మార్చేది ఇక్కడే. చాలా ఇంజన్లలో షాఫ్ట్ మీద ఒక స్టీలు కాలర్ (చిన్న గొట్టంలాంటి తొడుగు) ఉంటుంది, సీల్ లిప్ తిరిగేది ఆ కాలర్ మీద. కాలర్‌కీ షాఫ్ట్‌కీ మధ్య నుంచి నూనె రాకుండా లోపల ఒక చిన్న ఓ-రింగు ఉంటుంది. అది ఎండి గట్టిపడి చదునైపోతే నూనె సీల్‌ని ముట్టుకోకుండా కాలర్ లోపలి నుంచి స్ప్రాకెట్ గాడుల్లోకి వచ్చేస్తుంది. సీల్ మార్చి, పాత ఓ-రింగునే వదిలేశారంటే పని చేసినా చేయనట్టే.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది, స్ప్రాకెట్ నట్టు వదులవడం. ఆ నట్టే స్ప్రాకెట్‌తో పాటు కాలర్‌ని కూడా బేరింగ్‌కి అదిమిపెడుతుంది. నట్టు వదులైతే కాలర్ అటూ ఇటూ కదిలి ఓ-రింగుని నమిలేస్తుంది. కాబట్టి ముందు స్ప్రాకెట్‌ని చేత్తో పట్టుకుని షాఫ్ట్ వెంట లోపలికీ బయటికీ కదిపి చూడండి. వదులుగా ఉంటే మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించి, లాక్ వాషర్ చెవిని మళ్లీ మడవండి. వాషర్ రెండుమూడుసార్లు మడిచినదైతే చెవి విరిగిపోతుంది, కొత్తది వేయండి. కొన్ని బళ్లలో స్ప్రాకెట్‌ని నట్టుతో కాకుండా ఒక ప్లేటూ రెండు చిన్న బోల్టులతో పట్టి ఉంచుతారు. అలాంటి బండిలో స్ప్రాకెట్ కాస్త కదలడం మామూలే, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

సీల్ లిప్ దగ్గరి నుంచే వస్తోంది

స్ప్రాకెట్ విప్పి కాలర్‌ని బయటికి లాగండి. లిప్ తిరిగిన చోట కాలర్ చుట్టూ మెరిసే గీత ఒకటి ఉంటుంది. దాని మీద గోరు పెట్టి కాలర్ పొడవునా లాగండి. గోరు ఎక్కడా ఆగకపోతే ఫరవాలేదు. గోరు తట్టుకుంటే అది గాడి, అందులో ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. మెత్తటి రబ్బరు గట్టి స్టీలుని కోయడమేమిటి అనిపిస్తుంది, నిజానికి కోసేది రబ్బరు కాదు, లిప్ కింద చిక్కుకున్న ఇసుక. కాలర్ కొత్తది వేయడమే సరైన మందు. రెండు వైపులా ఒకేలా ఉండే కాలర్ అయితే తిప్పి వేసినా లిప్ కొత్త చోట పడుతుంది. కానీ ఒక కొసన ఓ-రింగు కూర్చోడానికి లోపల ఏటవాలుగా చెక్కిన అంచు ఉందేమో చూసుకోండి, అలా ఉంటే తిప్పకూడదు.

కాలర్ నున్నగానే ఉందా? అయితే చైన్ తీసేసి షాఫ్ట్ కొసని పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపండి. ఊగితే లోపలి బేరింగ్ అరిగింది. షాఫ్ట్ ఊగుతుంటే లిప్ ఎంతవరకు దాని వెంట వెళ్లగలదు? బేరింగ్ మార్చాలంటే మామూలుగా ఇంజన్ విప్పాల్సిందే, అందుకే అక్కడిదాకా రాకుండా చూసుకోవాలి.

ఆ బేరింగ్‌ని తినేసేది చాలావరకు బిగువైన చైన్. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోడ్డు బండి అలవాటుతో వచ్చినవాళ్లంతా చేసే తప్పు ఇదే. ఈ బళ్ల సస్పెన్షన్ బాగా పొడవు, వెనక చక్రం చాలా దూరం పైకీ కిందికీ ఆడుతుంది. చిన్న స్ప్రాకెట్ షాఫ్ట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) పివట్, వెనక ఇరుసు, ఈ మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. స్టాండ్ మీద ఖాళీగా ఉన్న బండికి చైన్ ముచ్చటగా, ఊగకుండా సర్దారనుకోండి, గుంటలో పడి సస్పెన్షన్ అణిగిన క్షణాన అది తీగలా బిగుసుకుని షాఫ్ట్‌ని వెనక్కి గుంజుతుంది. బండి మీద సామానూ మనిషీ ఉంటే ప్రతి గుంటకీ అదే గుంజుడు.

అందుకని ఒక్కసారి శ్రమపడండి. పట్టీలతో బండి వెనక భాగాన్ని కిందికి లాగి కట్టి, లేదా వెనక షాక్ కింది బోల్టు తీసి చక్రాన్ని పైకెత్తి, ఆ మూడూ ఒక వరసలోకి తెచ్చి, ఆ స్థితిలో కూడా చైన్ కాస్త ఆడేలా సర్దండి. ఇప్పుడు బండిని మామూలుగా స్టాండ్ మీద పెట్టి చైన్ ఎంత వేలాడుతోందో కొలిచి రాసుకోండి. ఇకపై ఆ అంకే మీ లెక్క. చాలా డ్యుయల్ స్పోర్ట్ బళ్లకి అది 35 నుంచి 50 మి.మీ. మధ్య వస్తుంది. వదులుగా కనిపిస్తోందని ఎవరో ఒకరు వచ్చి బిగించమంటారు, వినకండి.

బేరింగూ కాలరూ బాగానే ఉండి సీల్ మాత్రమే చిరిగితే స్ప్రాకెట్ వెనక వెతకండి. ఎండు గడ్డి, ప్లాస్టిక్ దారం, చేపల గాలపు తీగలాంటివి షాఫ్ట్‌కి చుట్టుకుని నెమ్మదిగా లోపలికి పాకి లిప్‌ని కోసేస్తాయి. నేను ఒకసారి బయటికి లాగిన నైలాన్ దారం నా మూర కంటే పొడవుంది. గడ్డిలోంచి, పొలాల గట్ల మీంచి వెళ్లొచ్చిన రోజు కవర్ తీసి ఒకసారి చూడటం రెండు నిమిషాల పని. బండి కడిగేటప్పుడు ప్రెషర్ వాటర్‌ని నేరుగా సీల్ మీదకి కొట్టకండి, అది మట్టిని లిప్ కిందికి తోసేస్తుంది. బకెట్ నీళ్లూ బ్రష్షూ చాలు.

సీల్ గూటిలోంచి బయటికి జరిగింది

నా మూడు సీళ్ల కథ ఇదే. సీల్ చిరగలేదు, లిప్ బాగుంది, కాలర్ అద్దంలా ఉంది, కానీ సీల్ మాత్రం ప్రతిసారీ ఒక పక్కన రెండు మి.మీ. బయటికి వచ్చేసి ఉంటోంది. నేనేమో సరిగ్గా కొట్టలేదనుకుని ఇంకా గట్టిగా కొట్టాను. చివరికి ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేస్తుంటే బ్రీదర్ పైపు కొసలో కందిరీగ కట్టిన మట్టి గూడు కనిపించింది, సిమెంటు పోసినట్టు మూసుకుపోయింది.

పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ ఇంజన్ లోపలి గాలి నలుగుతుంది. పిస్టన్ రింగుల పక్క నుంచి జారిన పొగ దానికి తోడవుతుంది. ఇదంతా బ్రీదర్ పైపులోంచి పోవాలి. పైపు మూసుకుపోయినా, ట్యాంక్ కింద మడత పడినా, ఆ ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తోస్తుంది. పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజన్లలో ఈ తోపుడు మరీ ఎక్కువ. ఆయిల్ ఎక్కువ పోసినా ఇదే గతి, లోపల గాలికి జాగా తగ్గిపోతుంది కదా.

పరీక్ష సులువు. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా బ్రీదర్ పైపు కొసకి వేలు అడ్డం పెడితే టపటపమని గాలి తగలాలి. ఏమీ తగలకపోతే పైపు విప్పి ఊది చూడండి. మరీ ఎక్కువగా, పొగతో, నూనె తుంపరతో వస్తుంటే రింగులు అరిగాయేమో మెకానిక్ చేత కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూపించండి. నీళ్లలోంచి దాటిన తర్వాత కూడా ఈ పైపుని ఒకసారి చూడటం మంచిది.

బయటికి వచ్చిన సీల్‌ని లోపలికి నొక్కి వదిలేయకండి. సీల్ కూర్చునే గూడు తుడిచి, కొత్తది కూర్చోబెట్టాక, దాని అంచు మీదా ఇంజన్ కేసు మీదా కలిపి పెయింట్‌తో ఒక చిన్న గీత పెట్టండి. నెల తర్వాత ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తే సీల్ మళ్లీ జరుగుతున్నట్టు. కొన్ని ఇంజన్లకి సీల్ కదలకుండా పట్టుకునే ప్లేటు కంపెనీయే ఇస్తుంది. ఆ ప్లేటు అనవసరమనుకుని పక్కన పడేసిన బళ్లు నేను చూశాను. మీ బండికి అది ఉండాల్సిందో కాదో పార్ట్స్ పుస్తకం బొమ్మలో చూసుకోండి.

సీల్ వేసేటప్పుడు

పాతదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే గూడు అల్యూమినియం కాబట్టి గీత పడుతుంది, ఆ గీత వెంటే నూనె వస్తుంది. కొక్కెంలాంటి సీల్ పుల్లర్ వాడండి. పనికి దిగే ముందు ఇంకొకటి తెలుసుకోవాలి. కొన్ని ఇంజన్లలో సీల్ బయటి అంచున గట్టులాంటిది ఉండి రెండు కేసుల మధ్య ఇరుక్కుని ఉంటుంది. అది కేసు విప్పితే తప్ప రాదు, బయటి నుంచి లాగితే గూడు పాడవుతుంది.

స్ప్రింగు కనిపించే వైపు నూనె వైపుకి ఉండాలి. లిప్‌కి గ్రీజు రాయండి, పొడి లిప్ మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. షాఫ్ట్ గాడుల అంచులు బ్లేడులా ఉంటాయి కాబట్టి వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, దాని మీంచి సీల్‌ని జార్చి, తర్వాత కవర్ లాగేయండి. సీల్ బయటి అంచుకి సరిపోయే సాకెట్ పెట్టి చుట్టూ సమంగా, చిన్న చిన్న దెబ్బలతో దించండి. పాతది ఎంత లోతులో ఉందో ముందే కొలుచుకోండి, మరీ లోపలికి దించితే కొన్ని ఇంజన్లలో వెనకున్న నూనె రంధ్రం మూసుకుపోతుంది. సీల్ మీద ఉన్న మూడు అంకెలు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. పాతదాని అంకెలతో సరిపోయాయో లేదో చూడకుండా వేయకండి.

ముందు ఫోర్క్ మీద నూనె రింగు

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టం మీద పల్చటి తడి రింగు పడితే వెంటనే సీల్ మార్చేయకండి, చాలాసార్లు మురికే కారణం. దుమ్ము ఆపే డస్ట్ సీల్‌ని మెల్లగా జరిపి, పల్చటి ప్లాస్టిక్ ముక్క ఒకటి (మంచినీళ్ల సీసాలోంచి కత్తిరించి, కొసని కొక్కెంలా చేసింది చాలు) సీల్‌కీ గొట్టానికీ మధ్య దూర్చి చుట్టూ ఒకసారి తిప్పండి. నల్లటి మడ్డి బయటికొస్తుంది. తుడిచి, ఫోర్క్‌ని పదిసార్లు నొక్కి చూడండి. ఆగితే ఆగినట్టే.

ఆగకపోతే గొట్టం మీద గోరు నడపండి. రాయి తగిలిన చిన్న గంటు ఒక్కటి ఉన్నా అది కొత్త సీల్‌ని కూడా కోస్తుంది. 1500 నంబరు వాటర్ పేపర్‌తో, నూనె రాసి, గంటు చుట్టూ లేచిన అంచుని మాత్రమే అణచండి. గొట్టమంతా రుద్దకండి, క్రోమ్ పోతుంది. బండిని లారీలోనో ట్రాలీ మీదో వేసి తీసుకెళ్లేటప్పుడు ఫోర్క్‌ని పూర్తిగా అణిచి కట్టి రోజుల తరబడి వదిలేయడం కూడా సీల్‌కి మంచిది కాదు. ఫోర్క్ పైన గాలి వదిలే స్క్రూ ఉన్న బండి అయితే, ముందు చక్రం గాల్లో ఉండగా అప్పుడప్పుడు దాన్ని విప్పి బిగించండి. ఎండకీ, కొండ ఎక్కినప్పుడూ లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది.

ఫోర్క్ నూనె కిందికి కారి బ్రేక్ ప్యాడ్లకి చేరిందా అన్నది మాత్రం వెంటనే చూడాలి. చేరితే డిస్క్ కడిగి, ప్యాడ్లు మార్చేయాల్సిందే.

దారి మధ్యలో కారడం మొదలైతే

స్ప్రాకెట్ సీల్ కొద్దిగా చెమర్చడం ఒక రకం, ధారగా రావడం ఇంకో రకం. చెమరుస్తుంటే ప్రతి 30 కిలోమీటర్లకీ ఆగి ఆయిల్ మట్టం చూసుకుంటూ, అవసరమైతే పోసుకుంటూ ఇల్లు చేరవచ్చు. ధారగా వస్తుంటే మాత్రం ఇంజన్ ఆపేయండి. ఇంజన్ పాడవుతుందనే కాదు, చైన్ ఆ నూనెని తీసుకెళ్లి వెనక టైరు మీద చల్లుతుంది. ఆగిన ప్రతిసారీ టైరు ఎడమ అంచుని చేత్తో తడిమి చూడండి, వేళ్లకి నూనె అంటితే బండిని నడిపించుకునైనా వెళ్లండి, మలుపులో మాత్రం వంచకండి.