సీమ పల్లెలో మర్డర్ మిస్టరీ: ఆధారాన్ని చూపిస్తూనే దాచడం ఎలా

స్క్రిప్టు కంటే ముందు హంతకుడి రాత్రిని రాసుకోండి. పెద్ద చార్టు ఒకటి తీసుకుని సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 8 దాకా పావుగంటకొక గడి గీయండి. అనుమానితులు ఐదుగురు చాలు, ఒక్కొక్కరికి ఒక వరస. ఏ గడిలో ఎవరు ఎక్కడున్నారు, ఏం ముట్టుకున్నారు, తర్వాత ఏం అబద్ధం చెప్తారు అన్నది నిండేదాకా మొదటి సీను జోలికి పోవద్దు. హంతకుడు కాని నలుగురికీ దాచుకోవాల్సింది ఏదో ఒకటి ఉండాలి: అప్పో, సంబంధమో, దొంగ రిజిస్ట్రేషనో. లేదంటే ఇంటర్వెల్‌కల్లా అబద్ధమాడేవాడు ఒక్కడే మిగిలి దొరికిపోతాడు.

ఇక అసలు పని, ఆధారం. అది ఊళ్లోంచే పుట్టాలి. అనంతపురం జిల్లాలో బోరు కింద చెనక్కాయ వేసిన ఊరు అనుకుందాం. హంతకుడు "రేత్రంతా చెనక్కాయకు నీళ్లు కడ్తాంటి సార్" అంటాడు. ఆ రాత్రి తోట షెడ్డులో బల్బు వెలుగుతూ ఉండటం దారిన పోయినవాళ్లు చూశారు. కరెంటు ఉంది కాబట్టి మాట నిజమే అనిపిస్తుంది. కానీ బల్బుకు సింగిల్ ఫేజ్ చాలు, బోరు మోటరుకు త్రీ ఫేజ్ కావాలి. కథలోని ఊరికి ఆ వారం త్రీ ఫేజ్ టైము తెల్లారి 5 నుంచి మధ్యాహ్నం 2 దాకానే. అంటే రాత్రి మోటరు తిరగదు, అతను చెప్పింది అబద్ధం.

దీన్ని మూడుసార్లు చూపించాలి. మొదటిసారి 15వ నిమిషం దగ్గర, నవ్వులో దాచి. పట్నం అల్లుడు "మామా, బల్బు వెలుగుతోంది కదా, మోటరు వేయకూడదా?" అంటాడు. మామ పుల్ల నమలుతూ "అది బల్బు కరెంటు నాయనా, మోటరు కరెంటు తెల్లార్తే గానీ రాదు" అంటాడు. హాలు అల్లుడి తెలివికి నవ్వుతుంది, మాటను మరిచిపోతుంది. రెండోసారి 50వ నిమిషంలో, విచారణ ఆ షెడ్డులోనే పెట్టి, హంతకుడి తల వెనక అదే బల్బు. మూడోసారి 105 దగ్గర: రాత్రి ఎస్‌ఐ స్టార్టర్ డబ్బా తెరిచి పచ్చ బటన్ నొక్కుతాడు. స్టార్టర్ పట్టుకోదు. పైన బల్బు వెలుగుతూనే ఉంటుంది. ఇక్కడ డైలాగు పెడితే సీను చచ్చిపోతుంది.

అయితే సీమ రైతు హాల్లో కూర్చుని ఊరుకోడు. కెపాసిటర్ పెట్టుకుని సింగిల్ ఫేజ్ మీదే మోటరు తోలుకోవచ్చు కదా అంటాడు. నిజమే, అలా తోలేవాళ్లు ఉన్నారు. అందుకే హత్యకు ముందే లైన్‌మన్ ఇంకేదో పనికి వచ్చి ఆ డబ్బా తెరిచే సీను ఒకటి కావాలి. లోపల కెపాసిటర్ లేదని కెమెరా చూడాలి, త్రీ ఫేజ్ టైమూ అతని నోటే రావాలి. మిస్టరీలు ఎక్కువగా చెడిపోయేది ఇలాంటి పూడ్చని కంతల వల్లే.

ఆధారాన్ని క్లోజప్‌లో తీయొద్దు. క్లోజప్ అంటే దండోరా వేసినట్టే. మిడ్ షాట్‌లో, రెండు సెకన్లకు తగ్గకుండా, ముందు ఎవరో ఒకరు కదులుతుండగా తీయండి. చివర్లో ఫ్లాష్‌బ్యాక్‌కు ఆ టేకునే వాడాలి. కొత్తగా తీసి అతికిస్తే ప్రేక్షకుడిని మోసం చేసినట్టే. ఆ క్లిప్పులకు షూటింగ్ రోజే గుర్తు పెట్టించండి.

డాక్టరు చేత "సరిగ్గా 10:40కి చనిపోయాడు" అనిపించకండి. శవం బిగుసుకోవడం, వదలడం వేడిని బట్టి మారతాయి. సీమ ఎండల్లో రెండూ తొందరగా జరుగుతాయి. రెండు మూడు గంటల తేడాతో చెప్పించండి, ఆ తేడాలోనే మీ అనుమానితులంతా ఇమిడిపోతారు. హత్య కేసుల్లో చీకటి పడ్డాక మామూలుగా పోస్టుమార్టం చేయరు. 2021 నవంబరులో కేంద్రం రాత్రి పోస్టుమార్టానికి వీలిచ్చినప్పుడు కూడా వీటిని మినహాయించింది. సాయంత్రం శవం దొరికిందంటే కథకు ఒక రాత్రంతా మిగిలినట్టే.

2024 జులై 1 నుంచి జరిగిన హత్యకు సెక్షన్ బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. అంతకుముందుదైతే ఐపీసీ 302. స్టేషన్‌లో హంతకుడు ఏడ్చి ఒప్పుకున్నాడని శుభం కార్డు వేయడం కుదరదు, పోలీసుకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో నిలవదు. అతను చెప్పినచోట ఏదైనా దొరకాలి, దొరికేటప్పుడు పంచులు, అంటే పోలీసులు పిలిచిన సాక్షులు, ఉండాలి.

నెత్తురు పంచదార పాకంతో చేస్తే పది నిమిషాల్లో చీమలు, ఈగలు. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ గంజి కాచి, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి కలపండి. పొద్దున సీనుకు కోకో పెంచండి, ఆరిన నెత్తురు గోధుమరంగుకు తిరుగుతుంది.

లొకేషన్‌గా గండికోట అందరికీ గుర్తొస్తుంది. అది కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) కింద ఉంది, ముందే అనుమతి తీసుకోవాలి. పైగా ఆ లోయను చూస్తూ ప్రేక్షకుడు ఆధారాన్ని వదిలేస్తాడు. ఈ కథకు ఒక తోట షెడ్డు మేలు.

షూటింగ్‌కు ముందు చివరి 15 పేజీలు తీసేసి స్క్రిప్టును ఐదుగురికి ఇవ్వండి. ఇద్దరు రైతులైతే మంచిది. నలుగురు ఒకే పేరు చెప్తే దాచింది చాలలేదు. ఎవరికీ బల్బే గుర్తు లేకపోతే చూపించింది చాలలేదు, మామ డైలాగును మళ్లీ రాయాలి.