ఇంట్లో కంప్యూటర్ – 4వ పాఠం: పులసా, విలసా?

పోయిన వారం పాస్‌వర్డ్‌లు అయ్యాయి. ఈ వారం మెయిల్‌తో పాటు వచ్చే ఫైళ్ల సంగతి.

గోదారికి ఎర్రనీళ్లు తగిలాయంటే యానాంలో పులస కోసం ఎగబడతాం. సముద్రంలో పట్టిన విలస చేపను తెచ్చి పులసేనని అంటగట్టేవాళ్లూ అప్పుడే దిగుతారు. మెయిల్లో ఫైలు పంపే దొంగదీ అదే బేరం.

అంబాజీపేటలో మా బావ కొబ్బరి కొట్టుకి ఆ మధ్య ‘మీ లోడు బిల్లు బకాయి, సాయంత్రంలోగా చూడండి’ అని మెయిల్ వచ్చింది. కింద జిప్ ఫైలు. విప్పితే లోపల ‘బిల్ డాట్ పీడీఎఫ్’.

‘ఆగు బావా’ అన్నాను.

‘పీడీఎఫ్ బొమ్మే కదోయ్!’

పేరు పూర్తిగా కనబడేలా చేసి చూపించాను: బిల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ.

చివరి చుక్క తర్వాత ఉన్నదే ఫైలు అసలు జాతి. ముందున్నదంతా, ఆ బొమ్మతో సహా, వేషం. ఈఎక్స్‌ఈ అంటే చదువుకునే కాగితం కాదు, నొక్కగానే పని మొదలెట్టే ప్రోగ్రాం. వీబీఎస్, జేఎస్, ఎస్‌సీఆర్ కూడా ఆ కోవవే. ఫోన్లోకి పెళ్లి శుభలేఖ పేరుతో దిగే ఏపీకే, అంటే యాప్‌ని ఎక్కించే ఫైలు, కూడా అంతే. ఇన్‌స్టాల్ చేసుకోమనే శుభలేఖ ఎక్కడైనా ఉంటుందా?

విండోస్ ఈ చివరి తోకను, అంటే ఎక్స్‌టెన్షన్‌ను, మామూలుగా దాచేస్తుంది. ఎందుకలా పెట్టారో నాకిప్పటికీ మింగుడుపడదు. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అంటూ ప్రపంచమంతా పాకిన వర్మ్‌కి (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) అదే కలిసొచ్చింది. ప్రేమలేఖ డాట్ టీఎక్స్‌టీ అని కనబడేది, వెనకాల డాట్ వీబీఎస్ నక్కి ఉండేది.

ఇప్పుడే చేసేయండి. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కండి. విండోస్ 10లో అయితే వ్యూ నొక్కగానే ఆ పేరుతో టిక్కు గడి కనిపిస్తుంది.

దీన్నే తిరగేసిన మోసం ఒకటుంది. ‘ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు వైరస్, తీసేసి అందరికీ చెప్పండి’ అని 2002లో ఓ మెయిల్ తిరిగింది. వెతికితే నిజంగానే దొరికేది, ఎందుకంటే అది విండోస్‌లో మామూలుగా ఉండే, జావా అనే సాఫ్ట్‌వేర్ తాలూకు ఫైలు! జనం తమ చేత్తో తామే తీసేసుకున్నారు. ‘అందరికీ పంపండి’ అని కనబడితే నేను అక్కడితో చదవడం ఆపేస్తాను.

ఇప్పటికే నొక్కేశారా? ముందు నెట్ ఆపండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంటిపని: డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఈఎక్స్‌ఈతో ముగిసేవి ఎన్నున్నాయో, తెరవకుండా, లెక్కపెట్టండి. మీరు దించుకున్నట్టు గుర్తులేనివి విడిగా రాసుకోండి. వచ్చే వారం వాటి సంగతి చూసి, లింకుల్లోకి వెళ్దాం.