గెస్ట్ ప్లేయర్‌గా పిల్లల్ని టోర్నమెంటుకి పంపేటప్పుడు

అమెరికాలో యూత్ సాకర్ ఆడే పిల్లలకి ఒక టోర్నమెంటు వరకు తమ తరఫున గెస్ట్‌గా ఆడమని వేరే జట్టు నుంచి పిలుపొస్తే, ముందు సొంత కోచ్‌కి చెప్పి అనుమతి తీసుకోండి. చాలా క్లబ్బుల్లో ఇది రాతపూర్వకంగా ఉండాలి.

అసలు చిక్కు ప్లేయర్ కార్డు, అంటే ఆటగాడి నమోదు గుర్తింపు కార్డు దగ్గర వస్తుంది. యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్ అనేవి రెండు వేర్వేరు సంస్థలు, వాటి కార్డులూ వేర్వేరు. ఒకే రోస్టర్‌లో (జట్టు ఆటగాళ్ల జాబితాలో) రెండు రకాల కార్డులూ కలిపితే చాలా టోర్నమెంట్లు ఒప్పుకోవు. కాబట్టి పిలిచిన జట్టు ఏ కార్డుతో నమోదైందో మొదటి ఫోన్‌లోనే అడగండి. అవసరమైతే ఆ క్లబ్బే మీ పిల్లవాడికి రెండో కార్డు తీయిస్తుంది, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఆఖరి వారంలో మొదలుపెడితే అందదు.

గెస్టులు ఎంతమంది ఉండొచ్చో టోర్నమెంటు నియమాల్లో ఉంటుంది. గెస్టులు కూడా రోస్టర్ పరిమితిలోకే వస్తారు: 7వి7లో (జట్టుకి ఏడుగురు మైదానంలో ఆడే ఆట) సాధారణంగా 12 మంది, 9వి9లో (తొమ్మిదిమంది) 16. పెద్ద వయసు గ్రూపులో ఆడొచ్చు, చిన్నదాంట్లో కుదరదు. ఒకే టోర్నమెంటులో రెండు జట్లకి ఆడటం చాలాచోట్ల నిషేధం. రెడ్ కార్డు సస్పెన్షన్ మిగిలి ఉంటే దాచకండి. అనర్హుడు ఆడాడని తేలితే మ్యాచే పోతుంది.

మెడికల్ రిలీజ్ ఫారం (దెబ్బ తగిలితే చికిత్స చేయించడానికి అనుమతి పత్రం) మీద తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి, కొన్నిచోట్ల నోటరీ కూడా అడుగుతారు. జెర్సీ నంబరు ఇంకొకరితో కలవకుండా చూడండి. ఖర్చులెవరివో, పిల్లవాడు ఏ స్థానంలో ఆడతాడో, సుమారు ఎన్ని నిమిషాలో ముందే మాట్లాడుకోండి. కుదిరితే ఒక్క ప్రాక్టీసుకైనా తీసుకెళ్లండి, కొత్తవాళ్ల మధ్య పిల్లలు బిగుసుకుపోతారు.